ఉప్పుమళ్ళ అవతలికి వినపడే మౌత్‌పీసు

పోయిన వారం ఒక సాయంత్రం మా ఇంటి తలుపు కొట్టి ఒకమ్మాయి నిలబడింది. ఇక్కడే విజయనగరంలో బ్యాంకులో పనిచేస్తోందట, ఈ మధ్యే క్లారినెట్ నేర్చుకోవడం మొదలుపెట్టిందట. మేడమ్ గారున్నారా, మౌత్‌పీసు ఏది కొనుక్కోవాలో అడుగుదామని వచ్చాను అంది. మేడమ్ గారంటే మా ఆవిడ. ఆవిడ అప్పుడే రైతుబజారుకి వెళ్ళింది. మౌత్‌పీసు సంగతే కదా, దానికి ఆవిడే కావాలా అనుకుని, అమ్మాయికి కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, నేనే మొదలుపెట్టాను. వాయించేటప్పుడు నోట్లో పెట్టుకునే నల్లటి ముక్కే మౌత్‌పీసు అనీ, దాని కింద బిగించే పలచటి రీడుకీ దాని కొనకీ మధ్య వెంట్రుకంత సందు ఉంటుందనీ, ఆ సందు పెద్దదైతే శబ్దం పెద్దదనీ, చిన్నదైతే శబ్దం చిన్నదే అయినా చెదరకుండా నిలబడుతుందనీ వివరంగా చెప్పాను. బడిలో పాఠం చెప్పిన అలవాటు కాబట్టి గాలిలో బొమ్మ కూడా గీశాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా అంతా విని, "మీరు కూడా వాయిస్తారా అంకుల్?" అని అడిగింది. ఏదో కొద్దిగా అన్నాను. అయితే మేడమ్ గారు వచ్చేదాకా కూర్చుంటానండీ అని ఫోను తీసుకుంది.

ఆ అమ్మాయి మీద నాకు కోపమేమీ లేదు. కాని ఆవిడ వచ్చి, సంచీ దింపి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నేను చెప్పిందే నాలుగు ముక్కల్లో చెబుతుంటే అమ్మాయి గబగబా ఫోనులో రాసుకోవడం చూసి మాత్రం కడుపు మండిపోయింది. ఈ మంట నాకు కొత్త కాదు. అసూయ మా వంశంలోనే ఉంది. మా నాన్న ఒకసారి నరసన్నపేట వైపు బ్యాండువాళ్ళ కోట్లకి కుట్టించిన జరీ చూసి వచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు. మా అన్న ఇప్పటికీ ఎవరి డోలు బాగుందన్నా ముఖం పక్కకి తిప్పుకుంటాడు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి ముఖం తిప్పుకోను. నవ్వుతూ లోపల ఉడుకుతాను. అయితే కట్టుకున్న భార్య మీద అసూయపడిన ఘనత మాత్రం మా వంశంలో నా ఒక్కడిదే.

మాది నౌపడ. నాన్నది పెళ్ళిళ్ళ బ్యాండు. నేను సోషల్ మాస్టారినై విజయనగరం చేరిన తర్వాత కూడా ముహూర్తాలొస్తే సెలవు పెట్టి వెళ్ళి బ్యాండు ముందు నడిచేవాణ్ణి. క్లారినెట్ ఎప్పుడూ ముందే నడవాలి. వెనక డప్పులు, డోళ్ళు, బాకాలు, ఆపైన జనరేటరు హోరు, ఇవన్నీ దాటుకుని పాట ముందుకి పోవాలి. పెళ్ళికొడుకు ఊరి మలుపు తిరగకముందే పెళ్ళికూతురికి వినపడాలనేది నాన్న లెక్క. అందుకని మా ఇంట్లో మౌత్‌పీసు ఎంచుకునే పద్ధతి ఒకటుండేది. వాయించేవాడు రైలు గేటు దగ్గర నిలబడాలి. వినేవాడు ఉప్పుమళ్ళ అవతలి గట్టు మీద నిలబడాలి. మధ్యలో తెల్లగా ఆరుతున్న మళ్ళు, సముద్రం మీంచి కొట్టే గాలి. ఇటునుంచి ఊదితే అటునుంచి తువ్వాలు పైకి లేవాలి. తువ్వాలు లేవని మౌత్‌పీసుకి నాన్న ఆకురాయి పట్టుకుని కొన దగ్గర ఇంకాస్త అరగదీసేవాడు. అలా అరగదీసి అరగదీసి మా మౌత్‌పీసులన్నీ ఆవలిస్తున్నట్టు ఉండేవి. వాటిని ఊదాలంటే పొట్టలోంచి గాలి తేవాలి. నేను తెచ్చేవాణ్ణి. నౌపడ నుంచి పలాస దాకా నా పేరు తెలియని పందిరి లేదని ఇప్పుడు చెప్పుకుంటే డబ్బా కొట్టుకున్నట్టుంటుంది గాని, నిజం.

మా ఆవిడ మా మేనమామ కూతురు. వాళ్ళది శ్రీముఖలింగం. గుడిలో సన్నాయి వాయించే కుటుంబం. మా మావయ్య సన్నాయితో పాటు క్లారినెట్ కూడా పట్టాడు, మగపిల్లలు లేకపోవడంతో విద్య కూతురికి చెప్పాడు. అయితే ఆడపిల్ల గుడి మేళంలో వాయించేది లేదు, ఊరేగింపులో నడిచేది అసలే లేదు. ఇంటి వెనక వడ్ల బస్తాలు వేసే గదిలో తలుపేసుకుని నేర్చుకుంది. ఆ గది గోడకి అవతలే మా అమ్మమ్మ మంచం. ఆవిడకి మధ్యాహ్నం నిద్ర చెడితే ఇల్లంతా తలకిందులైపోయేది. అందుచేత మరదలు పిల్ల నేర్చిన మొదటి పాఠం అమ్మమ్మని లేపకుండా వాయించడం. సెలవులకి వెళ్ళినప్పుడు నేను వెక్కిరించేవాణ్ణి, అది క్లారినెట్టా దోమా అని. పెళ్ళయి వచ్చేటప్పుడు మావయ్య తన పాత క్లారినెట్ ఇచ్చి పంపాడు. అది మా వంటింటి అటక మీద చేరింది. పిల్లలు, బడులు, జ్వరాలు, అద్దె ఇళ్ళు, వీటి మధ్య ఆవిడ వాయించడం మానేసిందనే అనుకున్నాను. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

కరోనా పోయిన తర్వాత మా విజయనగరానికి ఒక పెద్దాయన వచ్చి స్థిరపడ్డాడు. మిలటరీ బ్యాండులో దేశమంతా తిరిగి రిటైరయిన మనిషి, పుట్టింది ఇక్కడే. ఆయన ఒక ఆర్కెస్ట్రా పెడతానన్నాడు. మా వైపు ఆర్కెస్ట్రా అంటే స్టేజీ మీద సినిమా పాటలు పాడేది. ఈయన పెట్టదలచింది అది కాదు. అందరూ కుర్చీల్లో కూర్చుని, ఎదర స్టాండు మీద కాగితాలు పెట్టుకుని, ఆయన చెయ్యి ఎటు కదిలితే అటు కలిసి వాయించేది. స్వరాలు తెలుగులోనే రాసిచ్చేవాడు. మా ఊళ్ళో వయొలిన్ వాళ్ళకి ఎప్పుడూ కొదవ లేదు, ఫ్లూటు వాళ్ళు దొరికారు. క్లారినెట్ కుర్చీ ఒక్కటే ఉంది. దానికి నన్ను పిలిచాడు. నేను రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాను, పెళ్ళివాళ్ళు మమ్మల్ని మాని డీజే పెట్టుకుంటున్నారు, ఆ మధ్య భోగాపురంలో ఒక పెళ్ళికి మమ్మల్ని పిలిచి కూడా వీడియో తీసేంతసేపే వాయించమన్నారు. అలాంటప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కాగితం పెట్టి వాయించమంటే నాకు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ కుర్చీ నాదని ఊరంతా చెప్పుకున్నాను.

పెద్దాయన నా మౌత్‌పీసు చూసి, కొన మీద వేలు పెట్టి, చిన్నగా నవ్వాడు. ఇది వీధికి చాలా మంచిదండీ, గదికి కాదు అన్నాడు. తన దగ్గరున్న చిన్న పెట్టె ఇచ్చాడు. లోపల వెల్వెట్ గుడ్డ మీద నాలుగైదు మౌత్‌పీసులు. ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా ఊది చూడండి, మెత్తగా మొదలై మెత్తగా ఆగేది ఎంచుకోండి, పక్కవాడి వయొలిన్ మీకు వినపడుతూనే ఉండాలి అన్నాడు. నేను విన్నాను. విని, ఆదివారం ప్యాసింజరెక్కి నౌపడ వెళ్ళాను. అన్నని గట్టు మీదకి పంపి, రైలు గేటు దగ్గర నిలబడి, పెట్టెలో ఉన్నవన్నీ ఒకటొకటిగా ఊదాను. ఆర్కెస్ట్రాకి కావలసిన మౌత్‌పీసుని ఉప్పుమళ్ళలో ఎంచుకున్న మనిషి భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. గేటు దగ్గర ఆగిన ఆటోవాళ్ళు ఎవరిదో పెళ్ళనుకుని దిగి చూశారు. సందు పెద్దదిగా ఉన్న ఒకదానికి తువ్వాలు లేవడమే కాదు, గిరగిరా తిరిగింది. అన్న నడిచొచ్చి ఒకటే మాటన్నాడు. "ఇదేరా. మడిలో కొంగలన్నీ లెగిసిపోనాయి."

దాన్నే ఎంచుకుని ఇంటికొచ్చాను. మర్నాడు బడి నుంచి వస్తూ గేటు తీస్తుంటే ఎక్కడో క్లారినెట్ వినపడింది. మొదట పక్కింట్లో రేడియో అనుకున్నాను. అంత దూరం నుంచి వస్తున్నట్టుంది. గుమ్మం ఎక్కాక తెలిసింది, దూరం కాదు, మా వంటింట్లోంచే. పెట్టెలో అన్నిటికంటే సందు సన్నగా ఉన్న మౌత్‌పీసు, అన్న అసలు వినపడలేదని చెయ్యి అడ్డంగా ఊపేసినది, మావయ్య పాత క్లారినెట్‌కి తగిలించి ఆవిడ స్టూలు మీద కూర్చుని ఊదుతోంది. ఒక స్వరం ఎప్పుడు మొదలైందో తెలియలేదు. ఉంది, అంతే. పెరిగింది, తగ్గింది, ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు. నేను చెప్పుల్లోనే నిలబడిపోయాను. బాగుందనిపించడానికి ముందే మండింది. నలభై ఏళ్ళు వాయించిన నాకు అలా మొదలుపెట్టడం రాదు. నన్ను చూసి ఆవిడ గబుక్కున ఆపేసి, టీ పెడతానని లేచింది. మౌత్‌పీసు విప్పి, తుడిచి, నా చేతిలో పెడుతూ, "ఆ పెద్ద నోరుది ఒగ్గీ బావా. ఈ సన్నదే నీకు మంచిది, సూడు" అంది. పెద్దాయన ఆ సన్నదాన్నే చూపించి అని ఉంటే వినేవాణ్ణే. ఆవిడ అంది కాబట్టి పెద్దదే తీసుకెళ్ళాను.

రిహార్సలు ఒక కల్యాణమండపంలో. కుర్చీలో కూర్చుని వాయించడం నాకు అదే మొదలు. నడవకపోతే నాకు ఊపిరి సగమే వస్తుంది, కాళ్ళు వాటంతటవే కదులుతాయి. వయొలిన్‌లు చాలా నెమ్మదిగా మొదలయ్యాయి. వాటి కిందనుంచి క్లారినెట్ మెల్లగా పైకి రావాలి. పెద్దాయన నా వైపు వేలు కదిపాడు. నేను వచ్చాను. పక్కనున్న పిల్ల వయొలిన్ కమాను ఆగిపోయింది, వెనకాయన ఫ్లూటు దించేశాడు, మండపం వాచ్‌మన్ తలుపు దగ్గరకొచ్చి తొంగిచూశాడు. పెద్దాయన చెయ్యి దించి, "మాస్టారూ, పెళ్ళికూతురు ఇంకా జడ వేసుకుంటోంది, మీరప్పుడే ఊరేగింపు తెచ్చేశారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత రిహార్సలు నుంచి సన్నదే పట్టుకెళ్ళాను. అది నా మాట వినలేదు. డప్పులని దాటడానికి అలవాటుపడిన ఊపిరి దాంట్లో పట్టదు. ఒకసారి మూగబోయేది, ఒకసారి కీచుమనేది. గాలి తగ్గిద్దామంటే స్వరం కిందకి జారేది. కొన్ని వారాలు అదే వరస.

చివరికి ఒకరోజు విసుగెత్తి, పెద్దాయనతో, దీన్ని మనిషన్నవాడు ఊదలేడండీ అన్నాను. ఎవరూ ఊదలేరంటారా అని అడిగాడాయన. మాస్టారి ఉద్యోగంలో ఒక రోగం ఉంది, ప్రశ్న వినపడగానే నోరు జవాబు చెప్పేస్తుంది. "మా ఆవిడ ఊదుతుంది" అనేశాను. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను గాని, ఆయన అప్పటికే మా ఇంటి అడ్రసు అడుగుతున్నాడు.

వచ్చాడు. ఆవిడ నాకేమీ రాదంది, మర్చిపోయానంది, మనుషుల ఎదట వాయించలేనంది. చాలాసేపు బతిమాలించుకుని, వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. ఆయన వరండాలో టీ తాగుతూ కూర్చున్నాడు. లోపల్నుంచి స్వరం వచ్చింది. ఆయన కప్పు సాసర్లో పెట్టబోయి, చప్పుడవుతుందని పెట్టకుండా, గాలిలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అయిపోయేదాకా పెట్టలేదు. ఇన్ని వారాల్లో నేను వాయిస్తుంటే ఆయన టీ తాగాడు, ఫోను చూసుకున్నాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. నాకోసం ఒక్క కప్పు గాలిలో ఆగలేదు. ఆ కప్పు మీద నాకున్నంత కసి ఇంకే వస్తువు మీదా లేదు.

ఆయన అడగవలసింది అడిగాడు. ఆవిడ తలుపు చాటునుంచే, ఆ కుర్చీ బావది, నేను రాను అని చెప్పింది. మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి అని ఆయన వెళ్ళిపోయాడు. మేం మాట్లాడుకోలేదు. నేను వెళ్ళమనలేదు, వద్దనలేదు. పొద్దున్నే డాబా మీద సన్నదానితో కుస్తీ పట్టేవాణ్ణి, కింద ఆవిడ పప్పు తాలింపు పెట్టేది, ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. కూర మునుపటికంటే బాగుంటే అనుమానమొచ్చేది, ఇది నన్ను ఊరడించడానికేమోనని. అన్న ఫోను చేసి, "అది కుర్సీలో కూకుంటే నువ్వేటి సేస్తావురా, సంచీ మోస్తావేటి?" అన్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ కుర్చీ ఒక్కటి పోతే నేను మామూలు రిటైరైపోతున్న మాస్టారిని. పందిళ్ళు పోయాయి, ఊరేగింపులు పోయాయి. ఇక ఎవరి ముందు వాయించాలి?

నా మనసు మార్చింది పెద్దమనసు కాదు. మేం ఎటూ తేల్చకపోయేసరికి పెద్దాయన శ్రీకాకుళం నుంచి ఇంకో క్లారినెట్ ఆయన్ని పిలిపిస్తున్నాడని తెలిసింది. ఆ మనిషి నాకు తెలుసు. నరసన్నపేట వైపు మాకు రావలసిన పెళ్ళిళ్ళన్నీ తన్నుకుపోయినవాడు. వాడి బ్యాండు కోట్ల జరీ చూసే మా నాన్న అన్నం మానేశాడు. వాడు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడా! భార్య మీద ఉన్న అసూయ ఆ క్షణంలో చిన్నదైపోయింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, "రేపట్నుంచి నువ్వెళ్ళు" అన్నాను. ఆవిడ గరిటె ఆపి నా ముఖంలోకి చూసింది. "నిజంగా ఎల్లమంతన్నావా, ఉడుకుమోత్తనానికి అంతన్నావా?" అని అడిగింది. రెండూ అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అన్న చెప్పినట్టే అయింది. స్కూటరు మీద దింపేవాణ్ణి, క్లారినెట్ సంచీ నా భుజానే ఉండేది. లోపలికి వెళ్ళడానికి మనసొప్పక మండపం బయట అరుగు మీద కూర్చునేవాణ్ణి. వయొలిన్‌లు వినపడేవి, ఫ్లూటు వినపడేది, ఆవిడ వినపడేది కాదు. గోడ దాటని శబ్దం కోసమా నన్ను కుర్చీలోంచి లేపారు అనుకుని కాస్త సంతోషించేవాణ్ణి కూడా. ఆ సంతోషం కచేరీ దాకానే. ఆదివారం సాయంత్రం, హాలు నిండలేదు గాని సగానికి పైగానే వచ్చారు. అందరికంటే వెనక వరసలో కూర్చున్నాను. ఆ నెమ్మదైన భాగం వచ్చింది. వయొలిన్‌ల కిందనుంచి ఆవిడ స్వరం లేచింది. నేను ఊదినప్పుడు ఆగిపోయిన ఆ పిల్ల కమాను ఈసారి ఆగలేదు, ఇంకా మెత్తబడింది. అందరి శబ్దమూ ఆవిడ శబ్దానికి చోటిచ్చింది. వెనక వరస దాకా వినపడింది, ఎవరినీ తోసుకుని రాలేదు. నా పక్కనున్న ముసలాయన ఎవరండీ ఆవిడ అని గుసగుసగా అడిగాడు. మా ఇంటావిడే అన్నాను. అడగకపోయినా, క్లారినెట్ సంచీ మోసుకొచ్చింది నేనేనని కూడా చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ మౌత్‌పీసుని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి ఆరబెడుతోంది. నేను అక్కడే నిలబడ్డాను. ఒకటి తేల్చుకోవాలనిపించింది. పెళ్ళయినప్పటి నుంచీ ముట్టుకోనిదానివి, ఈ ఊపిరి, ఈ వేళ్ళు ఎక్కడ దాచావే అని అడిగాను. ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది.

"ముట్టుకోకపోవడమేటి బావా. నువ్వు పెళ్ళిళ్ళకెల్లిన రోజల్లా ఊదేదాన్నే."

"మరి నేనున్నప్పుడు ఎందుకు ఊదలేదు?"

"డప్పుల కాడినుంచొచ్చిన సెవులు నీవి. వచ్చీసరికి టీవీ అంత పెద్దగా ఎట్టుకునీవోడివి. నాను ఊదితే నీకేటి వినపడతాది?" అంది. అందులో నిష్ఠూరమేమీ లేదు. కందిపప్పు నానబెట్టాలి, డబ్బా మూత ఎక్కడ పెట్టానో అని వెతుక్కుంటోంది.

ఆ సాయంత్రం వీధిలో పక్కింటాయన కనపడ్డాడు. గోడ ఒకటే మా రెండిళ్ళకీ. ఇరవై ఏళ్ళకి పైగా ఆ గోడకి కుర్చీ వేసుకుని పేపరు చదువుకునే మనిషి. కచేరీ గురించి విన్నాడట, చాలా సంతోషించాడు. ఆమె వయసులో ఉన్నప్పుడు ఇంకా హుషారుగా వాయించేదండీ, మాఘమాసం వస్తే మా ఆవిడా నేనూ ఎదురుచూసేవాళ్ళం అన్నాడు. మాఘమాసమంటే ముహూర్తాలు, నేను ఊళ్ళో ఉండను. నేను పలాసలోనో టెక్కలిలోనో ఎవరిదో ఊరేగింపు ముందు పొట్టలోంచి గాలి తెచ్చి ఊదుతున్న గంటల్లోనే, ఇక్కడ నా ఇంట్లో, నా భార్య ముప్ఫయ్యో ఏటా, నలభయ్యో ఏటా ఎలా వాయించిందో ఈయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. నవ్వుతూ అవునండీ అన్నాను. లోపల మండింది. ఇప్పుడు ఆవిడ రోజూ వాయిస్తుంది, నేను టీవీ ఆపి రోజూ వింటాను. బాగుంటుంది. ఐతే ఇది యాభై దాటిన మనిషి ఊపిరి. ముప్ఫయ్యో ఏటి ఊపిరి ఎలా ఉండేదో పక్కింటాయనని అడిగి తెలుసుకోవాలి. అడగను. గడిచిపోయిన కాలం ఆయన చెవిలో ఉంది, నాకు దాని గురించి వినడమే మిగిలింది.